సోరియాసిస్ ఉన్నవాళ్లు వ్యాయామం ఎలా చేయాలి?

"చెమట పడితే సోరియాసిస్ ఎక్కువవుతుందా?", "జిమ్‌కు వెళ్లొచ్చా?", "స్విమ్మింగ్ పూల్‌లో దిగితే పక్కవాళ్లకు అంటుకుంటుందా?" ఈ మూడు ప్రశ్నలే మాటలు మార్చుకుని మళ్లీ మళ్లీ వస్తున్నాయి. పొట్టి జవాబులు ముందే చెప్పేస్తాను. చెమట పట్టడం తప్పు కాదు, దాన్ని ఒంటిమీదే ఆరనిస్తే దురద, మంట మొదలవుతాయి. జిమ్‌కు నిక్షేపంగా వెళ్లొచ్చు. చర్మం మీద పొలుసుల మచ్చలు లేచే ఈ సోరియాసిస్ అంటురోగం కాదు, నీళ్లలోనూ అంటుకోదు.

ఇంకో మాట కూడా ముందే అనుకుందాం. వ్యాయామం సోరియాసిస్‌కు మందు కాదు. నెల రోజులు నడిస్తే మచ్చలు మాయమవుతాయని ఎవరైనా చెబితే నమ్మకండి. కానీ ఒంట్లో కొవ్వు పేరుకున్నకొద్దీ వాపును రెచ్చగొట్టే పదార్థాలు ఎక్కువ తయారవుతాయి. బరువు ఎక్కువున్నవాళ్లు కాస్త తగ్గితే చాలామందిలో మచ్చల తీవ్రత తగ్గుతుంది, వాడుతున్న మందులు ఇంకా బాగా పనిచేస్తాయి. సోరియాసిస్ తీవ్రంగా ఉన్నవాళ్లకు గుండె జబ్బు, షుగరు వచ్చే అవకాశం మామూలు వాళ్లకంటే ఎక్కువ కాబట్టి కదలిక వాళ్లకు మరీ అవసరం. నిద్ర బాగుపడటం, టెన్షన్ తగ్గడం అదనపు లాభం.

2012లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో 86 వేలమందికి పైగా నర్సులను ఏళ్ల తరబడి గమనించారు. గట్టిగా వ్యాయామం చేసేవాళ్లలో కొత్తగా సోరియాసిస్ రావడం తక్కువగా కనిపించింది. అయితే అది జబ్బు రాకముందు సంగతి. పైగా గమనించి చెప్పిన విషయమే గానీ, వ్యాయామమే కారణమని తేల్చిన రుజువు కాదు.

అసలు చిక్కంతా రాపిడితో వస్తుంది. సోరియాసిస్ ఉన్నవాళ్లలో సుమారు నాలుగో వంతు మందికి చర్మం గీసుకుపోయిన చోట, ఒరుసుకుపోయిన చోట కొత్త మచ్చ పుడుతుంది. 19వ శతాబ్దంలో దీన్ని వివరించిన జర్మన్ చర్మవైద్యుడి పేరు మీద కోబ్నర్ లక్షణం అంటారు. ఈ మచ్చ వెంటనే రాదు, ఎక్కువగా 10 నుంచి 20 రోజుల తర్వాత బయటపడుతుంది. అందుకే నిన్నటి ఈతను తిట్టుకుంటాం, నిజానికి రెండు వారాల కిందట కొత్త బూట్లు ఒరుసుకున్న చోటే మచ్చ లేచి ఉంటుంది. కాబట్టి ఏ వ్యాయామం మంచిదని అడిగే ముందు, మీ మచ్చలు ఎక్కడున్నాయో చూసుకోండి. వాటిని బట్టే వ్యాయామం.

ఇప్పుడు మొదలుపెట్టకూడనివాళ్లు

ఒళ్లంతా ఎర్రబడి, చలితో వణుకు వస్తుంటే లేదా చీము పొక్కులు ఒక్కసారిగా ఎక్కువ మేర లేస్తే వ్యాయామం సంగతి పక్కనపెట్టి వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. ఆ స్థితిలో శరీరం తన వేడిని తాను అదుపు చేసుకోలేదు. జ్వరం, మచ్చల్లోంచి రసి కారడం, చీము పట్టడం ఉన్నా తగ్గేవరకు ఆగండి. నడుస్తుంటే ఛాతీలో నొప్పి, మామూలుగా లేని ఆయాసం, కళ్లు తిరగడం ఉన్నవాళ్లు ముందు గుండె పరీక్ష చేయించుకోవాలి. చాలా ఏళ్లుగా ఒళ్లు కదల్చనివాళ్లు బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ ఒకసారి చూపించుకుని మొదలుపెట్టడం మేలు.

కావలసినవి

- వాసన లేని మాయిశ్చరైజర్, కొంచెం పెట్రోలియం జెల్లీ
- లోపలి కుట్లు గరుకుగా లేని బట్టలు. మెడ వెనక లేబుల్ ఉంటే కత్తిరించేయండి
- వేళ్ల దగ్గర కాస్త ఖాళీ ఉన్న బూట్లు, చెమటను బయటికి లాగే సాక్సులు
- మందంగా ఉన్న మ్యాట్, లేదంటే మడతపెట్టిన దుప్పటి
- మెత్తటి తువ్వాలు, మార్చుకోవడానికి ఒక జత బట్టలు
- నోట్‌బుక్, కొలత టేపు, ఫోన్ కెమెరా

జిమ్ సభ్యత్వం ఈ జాబితాలో లేదని గమనించే ఉంటారు. మొదటి రెండు నెలలు దాని అవసరం లేదు.

1. ఒంటి పటం గీయండి

కాగితం మీద మనిషి బొమ్మ రెండు గీయండి, ముందు వైపు ఒకటి, వెనక వైపు ఒకటి. మచ్చలున్న చోట్లు గుర్తుపెట్టండి. పగుళ్లున్న చోట వేరే రంగు వాడండి. తర్వాత బెల్టు, లోదుస్తుల ఎలాస్టిక్, వాచీ పట్టీ, బ్యాగు పట్టీ, బూటు అంచు ఎక్కడెక్కడ ఆనుతాయో కూడా గీయండి. రెండూ కలిసిన చోటే మీకు ప్రమాదం. వీపు, తల వెనక భాగం మీకు కనిపించవు కాబట్టి ఇంట్లోవాళ్లను ఫొటో తీయమనండి.

2. కీళ్ల సంగతి తేల్చుకోండి

ఈ మెట్టు దాటవేయకండి. సోరియాసిస్ ఉన్నవాళ్లలో దాదాపు 30 శాతం వరకు మందికి సోరియాటిక్ ఆర్థ్రైటిస్, అంటే సోరియాసిస్‌తో ముడిపడిన కీళ్లవాపు జబ్బు, రావచ్చు. చాలామందిలో చర్మం మీద మచ్చలు మొదలైన కొన్నేళ్లకు కీళ్ల బాధ మొదలవుతుంది. ఈ కింది వాటిలో మీకేమైనా ఉన్నాయేమో చూసుకోండి:

- పొద్దున్న లేచాక కీళ్లు అరగంటకు మించి పట్టేసినట్టుంటాయి
- ఒక వేలు మొత్తం, మొదలు నుంచి కొన దాకా, లావుగా వాస్తుంది
- మడమ అడుగున గానీ వెనక గానీ తగ్గని నొప్పి
- విశ్రాంతి తీసుకుంటే పెరిగి, అటూ ఇటూ తిరిగితే తగ్గే నడుము నొప్పి
- గోళ్ల మీద సూదితో పొడిచినట్టు గుంటలు, గోరు కింది చర్మం నుంచి విడిపోవడం

గోళ్ల మార్పులు ఒక్కటే ఉంటే వచ్చేసారి డాక్టరును కలిసినప్పుడు చెప్పండి. మిగతావాటిలో ఏ ఒక్కటి ఉన్నా కీళ్ల వైద్యుడిని కలవండి. ఆలస్యం చేస్తే కీలుకు జరిగిన నష్టం మళ్లీ సరికాదు. అలాగని మంచమెక్కాల్సిన పనీ లేదు. నార్వేలో సోరియాటిక్ ఆర్థ్రైటిస్ ఉన్నవాళ్ల చేత 11 వారాలపాటు ఆగి ఆగి తీవ్రంగా చేసే ఇంటర్వల్ వ్యాయామాలు చేయించి చూశారు. జబ్బు ముదరలేదు, నీరసం తగ్గింది. అది పర్యవేక్షణలో జరిగింది కాబట్టి మీరు నేరుగా అక్కడి నుంచి మొదలుపెట్టకండి. "కదిలితే కీళ్లు అరిగిపోతాయి" అనే భయాన్ని వదిలేస్తే చాలు.

3. మచ్చలను బట్టి వ్యాయామం ఎంచుకోండి

మోకాళ్లు, మోచేతుల మీద ఉంటే నేల మీద మోకాళ్లు ఆన్చే వ్యాయామాలు, మోచేతుల మీద బరువు వేసే ప్లాంక్ మానండి. ప్లాంక్ అరచేతుల మీద చేయొచ్చు, ఇంకా తేలిక కావాలంటే గోడకు చేతులు ఆనించి చేయొచ్చు. యోగాలో మోకాలి మీద నిలిచే ఆసనాలు చేయక తప్పకపోతే మ్యాట్‌ను రెండు మూడు మడతలు వేసి చేయండి. నడక, సైకిల్ మామూలుగానే చేసుకోవచ్చు.

అరికాళ్లలో ఉంటే పరుగు, తాడాట, గెంతులు వద్దు. కూర్చుని చేసేవి, పడుకుని చేసేవి, పాదం మీద ఒత్తిడి తక్కువగా పడే సైకిల్ మంచివి. నడవాలనుకుంటే సన్నటి సాక్సు మీద ఇంకో సాక్సు వేసుకోండి. అప్పుడు రాపిడి రెండు సాక్సుల మధ్యే జరుగుతుంది, చర్మం దాకా రాదు. లోతైన పగుళ్లున్న రోజున ముందుగా పగులు మూసేలా పట్టీ వేసుకోండి, అడుగు వేస్తే నొప్పి పుడుతుంటే నడక ఆపేయండి.

అరచేతుల్లో ఉంటే ఇనుప కడ్డీలు, డంబెల్స్ పట్టు దగ్గర ఇబ్బంది. మెత్తటి గ్లవుజు వేసుకోండి, లేదా వెడల్పాటి పిడి ఉన్న ఎలాస్టిక్ బ్యాండ్లు వాడండి. అదీ కష్టమైతే కొన్నాళ్లు కాళ్లకు, నడుముకు సంబంధించిన వ్యాయామాలే చేయండి. కండరాలకు చేసే పని చేతులతోనే మొదలుకావాలని ఎక్కడా లేదు.

గజ్జలు, చంకలు, రొమ్ముల కింద, పొట్ట మడతల్లో ఉంటే కొంచెం ఎక్కువ జాగ్రత్త కావాలి. ఇక్కడ మచ్చ పొలుసులు రాలకుండా ఎర్రగా, నున్నగా ఉంటుంది కాబట్టి చాలామంది తామర అనుకుంటారు. చెమట, రాపిడి రెండూ ఒకేచోట కలుస్తాయి. తొడల మీదికి వచ్చే, ఒంటికి అంటిపెట్టుకునే షార్ట్స్ వేసుకుంటే తొడలు ఒకదానికొకటి ఒరుసుకోవు. సైకిల్ సీటు ఇబ్బంది పెడితే నడకకు మారండి. పౌడర్ గుప్పించకండి. చెమటతో తడిసి ఉండ కట్టి అదే గరుకుగా రాసుకుంటుంది. మామూలు మందుకు తగ్గకపోతే ఫంగస్ కూడా చేరిందేమో డాక్టరుకు చూపించండి.

నెత్తి మీద ఉంటే బిగుతు టోపీ, గట్టి హెడ్‌బ్యాండ్ వద్దు. సైకిల్ మీద హెల్మెట్ మాత్రం తీయకండి. దాని కింద పలుచటి మెత్తని గుడ్డ కట్టుకోండి. నడుము, వీపు మీద ఉంటే నేల మీద పడుకుని లేచే సిటప్స్ బదులు నిలబడి చేసేవి ఎంచుకోండి, బ్యాగు వేసుకుని పరుగెత్తకండి.

ఈత చాలామందికి నప్పుతుంది. నీళ్లలో కీళ్ల మీద బరువు పడదు, రాపిడి ఉండదు. కాకపోతే క్లోరిన్ చర్మాన్ని ఎండగడుతుంది. దిగే ముందు మంచినీళ్లతో ఒళ్లు తడిపి, మచ్చల మీద పలుచగా పెట్రోలియం జెల్లీ రాయండి. బయటికి రాగానే మళ్లీ స్నానం చేసి మాయిశ్చరైజర్ పట్టించండి. పచ్చి పుండ్లు, పగుళ్లు ఉన్న రోజుల్లో దిగకండి. పూల్ దగ్గర ఎవరైనా అదోలా చూస్తే "ఇది సోరియాసిస్, అంటుకోదు" అని చెప్పండి చాలు. అంతకు మించి సంజాయిషీ మీరు ఎవరికీ బాకీ లేరు.

4. మందుల వేళలు చూసుకోండి

పూత మందు రాసిన వెంటనే వ్యాయామానికి వెళితే అది చెమటతో కొట్టుకుపోతుంది. లేదంటే కారి, అక్కర్లేని చోట అంటుకుంటుంది. వ్యాయామం, స్నానం అయ్యాక రాసుకునేలా వేళ మార్చుకోండి. స్టెరాయిడ్ క్రీమ్ రాసి దాని మీద బిగుతు బట్టలు వేస్తే మందు చర్మంలోకి మరీ ఎక్కువగా దిగుతుంది. మడతల్లో చర్మం పలుచబడే ప్రమాదం కూడా ఉంది.

కోల్‌తార్ పూతలు, అసిట్రెటిన్ మాత్రలు ఎండకు చర్మాన్ని సున్నితం చేస్తాయి. అవి వాడేవాళ్లు, లైట్ థెరపీ తీసుకునేవాళ్లు ఎండలో కాకుండా పొద్దున్నే లేదా పొద్దుగూకాక చేసుకోండి. కాస్త ఎండ సోరియాసిస్‌కు మేలే, కానీ ఒళ్లు కాలితే ఆ గాయమే కొత్త మచ్చలకు దారితీస్తుంది. అసిట్రెటిన్‌తో కండరాల నొప్పులు రావచ్చు. అది వ్యాయామం వల్ల వచ్చిందనుకుని ఊరుకోకుండా డాక్టరుకు చెప్పండి. వారానికోసారి మెథోట్రెక్సేట్ వేసుకునేవాళ్లకు మరునాడు నీరసంగా ఉండటం మామూలే, ఆ రోజు తేలికపాటి నడక పెట్టుకోండి. సైక్లోస్పోరిన్ బీపీ పెంచగలదు, బరువులెత్తే ముందు బీపీ చూపించుకోండి. రోగనిరోధక శక్తిని తగ్గించే ఏ మందు వాడుతున్నా జిమ్‌లో అందరూ వాడే మ్యాట్‌ను తుడిచి వాడండి, తెరుచుకున్న పగుళ్లను కప్పి ఉంచండి.

బీపీకి బీటా బ్లాకర్లు వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. ఆ మందులు గుండె వేగాన్ని పెరగనివ్వవు కాబట్టి వాచీలో కనిపించే అంకెను బట్టి శ్రమను లెక్కేయకూడదు. పైగా కొందరిలో ఇవి సోరియాసిస్‌ను ఎగదోస్తాయి. ఆ అనుమానం ఉంటే డాక్టరును అడగండి, సొంతంగా ఆపేయడం మాత్రం ప్రమాదం.

5. బయల్దేరే ముందు

అరగంట ముందు మచ్చల మీద మాయిశ్చరైజర్ పలుచగా రాయండి. ఒళ్లంతా జిడ్డుగా పట్టిస్తే చెమట లోపలే చిక్కుకుని చిరచిరలాడుతుంది. పెట్రోలియం జెల్లీని మీరు గీసిన పటంలో ప్రమాదంగా తేలిన చోట్లకే పరిమితం చేయండి. వాచీ పట్టీ ఒక రంధ్రం వదులు చేయండి. గోళ్లు పొట్టిగా ఉంచండి, విడిపోతున్న గోరు ఎక్కడైనా తగులుకుంటే లేచిపోతుంది. బట్టల విషయంలో "కాటనే మంచిది" అనే మాట సగమే నిజం. అరగంట నడకకు మెత్తటి కాటన్ బాగుంటుంది. గంటసేపు చెమటోడ్చే పనికి అది తడిసి ఒంటికి అతుక్కుంటుంది, అప్పుడు త్వరగా ఆరే బట్టలే మేలు.

6. ఎంత చేయాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దవాళ్లకు చెప్పిన లెక్క: వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, లేదా 75 నుంచి 150 నిమిషాల తీవ్ర శ్రమ, దాంతోపాటు కండరాలకు పని చెప్పే వ్యాయామం కనీసం రెండు రోజులు. సోరియాసిస్‌కు వేరే లెక్కేం లేదు. అక్కడికి ఇలా చేరండి:

- మొదటి వారం: రోజుకు 10 నిమిషాల నడక, ఐదు రోజులు.
- ఆ తర్వాత వారానికి రోజుకు 5 నిమిషాలు చొప్పున పెంచుకుంటూ ఐదో వారానికి 30 నిమిషాలకు రండి.
- మూడో వారం నుంచి రెండు రోజులు కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి పుషప్స్, బ్యాండ్ లాగడం కలపండి.

నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదే మధ్యస్థ శ్రమ. కీళ్ల నొప్పులున్నవాళ్లు ఇంకోటి చూడాలి. వ్యాయామం అయ్యాక రెండు గంటలు దాటినా నొప్పి మొదటికంటే ఎక్కువగానే ఉంటే, మరుసటిసారి సగం చేయండి.

7. అయిపోయాక

తడిసిన బట్టలతో కబుర్లు చెబుతూ కూర్చోకండి. వీలైనంత త్వరగా గోరువెచ్చని నీళ్లతో స్నానం చేయండి. వేడివేడి నీళ్లు పోసుకుంటే హాయిగా ఉంటుంది గానీ చర్మం ఎండిపోయి దురద రెట్టింపవుతుంది. పొలుసులు ఊడాలని పీచుతో రుద్దకండి, కోబ్నర్ సంగతి గుర్తుందిగా. తువ్వాలుతో అద్దండి, తుడవకండి. ఒళ్లు ఇంకా చెమ్మగా ఉండగానే, అంటే రెండు మూడు నిమిషాల్లో మాయిశ్చరైజర్, తర్వాత డాక్టరు చెప్పిన పూత మందు రాయండి. మడతలు, వేళ్ల సందులు పూర్తిగా ఆరాయో లేదో చూసుకోండి. స్నానానికి వీలు లేకపోతే తడిగుడ్డతో ఒళ్లు అద్ది బట్టలు మార్చుకోండి.

8. జబ్బు ఎగదన్నిన రోజుల్లో

పూర్తిగా మానేయకండి, మార్చుకోండి. 30 నిమిషాల నడకను 15 చేయండి, పరుగు బదులు ఒళ్లు సాగదీసే వ్యాయామాలు చేయండి, మచ్చలు ఆనని భంగిమలు ఎంచుకోండి. పూర్తిగా మానేస్తే తిరిగి మొదలుపెట్టడం ఎంత కష్టమో ఒకసారి మానినవాళ్లందరికీ తెలుసు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

అన్నిటికంటే పెద్దది, మచ్చలు తగ్గాక మొదలుపెడదామని ఎదురుచూడటం. సోరియాసిస్ వస్తూ పోతూ ఉండే జబ్బు, ఆ మంచిరోజు కోసం కూర్చుంటే ఏడాది గడిచిపోతుంది.

దానికి సరిగ్గా వ్యతిరేకమైన తప్పు, వ్యాయామం మొదలుపెట్టి కాస్త బాగుందనిపించగానే మందులు ఆపేయడం. స్టెరాయిడ్ మాత్రలు అకస్మాత్తుగా ఆపితే ఒళ్లంతా చీము పొక్కులు లేచే ప్రమాదం ఉంది. మందు తగ్గించాలన్నా, ఆపాలన్నా డాక్టరుతో మాట్లాడాకే.

కీళ్ల నొప్పిని పెయిన్‌కిల్లర్‌తో అణచి వ్యాయామం కొనసాగించడం ఇంకో తప్పు. నొప్పి తెలియకపోతే ఎక్కడ ఆగాలో తెలియదు. చెమట పడితే చెడు రక్తం పోతుందని ఆవిరి గదుల్లో గంటలు కూర్చునేవాళ్లు కూడా ఉన్నారు. దానివల్ల సోరియాసిస్ తగ్గదు, చర్మం ఎండి దురద మిగులుతుంది.

పనిచేస్తోందో లేదో ఎలా చూడాలి?

అద్దంలో రోజూ చూసుకుంటే ఏమీ తెలియదు, మనసు మాత్రం పాడవుతుంది. మొదలుపెట్టిన రోజున ఈ ఐదూ రాసుకోండి, తర్వాత నాలుగు వారాలకోసారి మళ్లీ రాయండి:

- మచ్చల విస్తీర్ణం. వేళ్లతో కలిపి మీ అరచేయంత మేర దాదాపు ఒక శాతం శరీరం. మచ్చలన్నీ కలిపి ఎన్ని అరచేతులో లెక్కేయండి
- దురద, సున్నా నుంచి పది లోపు ఒక అంకె
- పొద్దున్న కీళ్లు పట్టేసి ఉన్న నిమిషాలు
- నడుము కొలత, చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యలో, గాలి వదిలాక
- అవే మూడు నాలుగు మచ్చల ఫొటోలు, అదే గదిలో, అదే వెలుతురులో, అంతే దూరం నుంచి

మొదట మారేవి నిద్ర, హుషారు, పొద్దుటి పట్టేయడం. చర్మం ఆఖర్న మారుతుంది. అందుకే 12 నుంచి 16 వారాలకు ముందు తీర్పు చెప్పకండి. బరువు ఎక్కువున్నవాళ్లు ఇప్పటి బరువులో 5 శాతం తగ్గడాన్ని మొదటి గురిగా పెట్టుకోండి, 80 కిలోలున్నవాళ్లకు అది 4 కిలోలు. అంత తగ్గాలంటే వ్యాయామం ఒక్కటే చాలదు, తిండి కూడా తగ్గాలి.

లెక్క తప్పే చోట్లు రెండున్నాయి. అదే నెలలో కొత్త మందు మొదలుపెడితే, మార్పు మందువల్లో నడకవల్లో తేల్చలేరు, కాబట్టి మందు మారిన తేదీని నోట్‌బుక్‌లో రాయండి. చాలామందికి చలికాలంలో పెరిగి ఎండాకాలంలో తగ్గుతుంది కాబట్టి రుతువు మారిందేమో కూడా చూసుకోండి.

కొత్త మచ్చ లేచినప్పుడు నోట్‌బుక్‌లో రెండు మూడు వారాలు వెనక్కి వెళ్లి ఆ చోట ఏం ఆనిందో వెతకండి. కొత్త బూట్లు, బ్యాగు పట్టీ, జిమ్ బెంచీ, ఏదో ఒకటి దొరకవచ్చు. దొరికితే ఆ ఒక్కటి మార్చి చూడండి, వ్యాయామం మొత్తం మానకండి. ఏమీ దొరక్కుండా మచ్చలు పెరుగుతూనే ఉంటే, కొత్తగా కీలు వాస్తే, అరచేతుల లెక్క నాలుగు వారాల్లో రెట్టింపైతే ఆ నోట్‌బుక్, ఫొటోలు పట్టుకుని స్కిన్ డాక్టరు దగ్గరికి వెళ్లండి.